ఎన్ని రోజుల పంట? గింజ దాచుకోవచ్చా?

తొలకరి దగ్గరపడితే ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేరుశనగ విత్తనం గురించి రైతు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ఇది ఎన్ని రోజుల పంట? పండినదాంట్లోంచి వచ్చే ఏటికి విత్తనం తీసిపెట్టుకోవచ్చా? మొదటిది తెలియకపోతే కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే దిక్కుండదు. రెండోది తెలియకపోతే ఏటా విత్తనానికి ఎవరి గుమ్మం ముందో నిలబడాలి. వేరుశనగకు ఆ బెంగ తక్కువ. కాయలు బాగా ఎండబెట్టి సంచుల్లో దాచి, విత్తే ముందు వలుచుకుంటారు. ఆదోని వైపు హైబ్రిడ్ పత్తి వేసే రైతుకు ఆ వీలు లేదు. దాచిన గింజ మరుసటి ఏడు అదే దిగుబడి ఇవ్వదు, కాబట్టి ప్రతి సీజన్‌కూ ప్యాకెట్ కొనాల్సిందే.

ప్రోగ్రాం అసలు పాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి జరిగే వాదనల్లో చాలా భాగం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. కొత్త వెర్షన్ ఎప్పుడు రావాలి, పాతదానికి ఎంతకాలం మరమ్మతులు అందాలి అన్నది ఒకటి. దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్నది ఇంకొకటి. మొదటిది ఇంజినీర్ల పని, రెండోది లాయర్ల పని అన్నట్టుగా వీటిని విడివిడిగా మాట్లాడుకోవడం అలవాటైంది. సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోటికి వేల మైళ్ల దూరంలో, అనంతపురంలోనో కడపలోనో ఒక కాలేజీ దాన్ని నమ్ముకుని పని నడుపుతున్నప్పుడు మాత్రం ఈ రెండిటినీ విడదీయలేం. రిలీజ్ ప్లాన్ అంటే ఇచ్చిన మాట. లైసెన్స్ అంటే ఆ మాట తప్పినప్పుడు వాడేవాళ్ల చేతిలో మిగిలేది.

రిలీజుల సంగతి ముందు చూద్దాం. ఇందులో రెండు దారులున్నాయి. ముహూర్తం ముందే పెట్టుకోవడం ఒకటి, అన్నీ సమకూరాకే ముహూర్తం చూసుకోవడం ఇంకొకటి. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చాలాకాలం రెండో దారిలోనే నడిచింది. సిద్ధమైనప్పుడే విడుదల అన్నది వాళ్ల నియమం. 2002 జులైలో 'వుడీ' వచ్చాక, తర్వాతి వెర్షన్ 'సార్జ్' కోసం 2005 జూన్ దాకా, అంటే దాదాపు మూడేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఈలోగా మార్కెట్లోకి కొత్త కంప్యూటర్లు వచ్చేశాయి. వాటిలోని పరికరాలు చాలావాటిని పాత వెర్షన్ గుర్తుపట్టేది కాదు. మరోవైపు లినక్స్‌లో తెర మీద కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్ 2002 నుంచే ఆర్నెల్లకోసారి తేదీ ప్రకారం విడుదల చేయడం మొదలుపెట్టింది. 2004 అక్టోబరులో వచ్చిన ఉబుంటు అనే ఇంకో లినక్స్ సిస్టమ్ అయితే తేదీని పేరులోనే పెట్టుకుంది. మొదటి వెర్షన్ 4.10 అంటే 2004వ సంవత్సరం, పదో నెల అని అర్థం.

తేదీ పెట్టుకుంటే పని హడావిడిగా, సగం సగంగా వస్తుందని చాలామంది అభ్యంతరం. పైపైన చూస్తే నిజమే అనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక కంసాలి హారం ఇంకా ఇవ్వలేదని పెళ్లి ఆపరు. ఉన్న నగలతోనే తాళి కట్టిస్తారు, హారం తర్వాత వస్తుంది. ఈ సిస్టమ్‌లన్నిటికీ గుండెకాయ అయిన లినక్స్ కెర్నల్ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. తొమ్మిది, పది వారాలకోసారి కొత్త వెర్షన్. అందులో మొదటి రెండు వారాలే కొత్త కోడ్ తీసుకుంటారు, మిగతా రోజులన్నీ తప్పులు దిద్దడానికే. ఆ రెండు వారాల్లో పని పూర్తికాని డెవలపర్‌కు నష్టమేమీ లేదు. మళ్లీ రెండు నెలలకు ఇంకో అవకాశం ఉంది. అదే తర్వాతి రిలీజ్ మూడేళ్లకు గానీ రాదంటే, ప్రతి ఒక్కరూ ఉడికినా ఉడకకపోయినా తమ పనిని ఈసారే దూర్చేయాలని చూస్తారు. హడావిడి పుట్టేది తేదీ వల్ల కాదు, తర్వాతి తేదీ ఎప్పుడో తెలియకపోవడం వల్ల. తేదీ ప్రకారం విడుదల చేసే పద్ధతి వైపు మొగ్గడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

అలాగని తేదీని గుడ్డిగా పట్టుకోనక్కర్లేదు. ఐదేళ్లు, అంతకన్నా ఎక్కువ కాలం వాడబోయే వెర్షన్ విషయంలో కొన్ని వారాలు ఆగడం తప్పు కాదు. ఉబుంటు తన మొదటి దీర్ఘకాల సపోర్ట్ వెర్షన్‌ను 2006 ఏప్రిల్‌లో తేవాల్సింది, మెరుగులు దిద్దడానికి జూన్‌కు జరిపింది. అందుకే అది 6.04 కాక 6.06 అయింది. డెబియన్ కూడా తన దారిని సవరించుకుంది. కొత్త మార్పులు ఆపేసే తేదీని ముందే ప్రకటిస్తుంది, ఆ తర్వాత ముఖ్యమైన తప్పులన్నీ దిద్దాకే విడుదల చేస్తుంది. 2015 నుంచి 2025 దాకా దాదాపు రెండేళ్లకోసారి వెర్షన్ వస్తూనే ఉంది.

నిదానం విలువ ఏమిటో 2024 మార్చిలో ప్రపంచానికి తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. దాదాపు ప్రతి లినక్స్ కంప్యూటర్లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఒకే మనిషి, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చారు. రిలీజులు ఆలస్యమవుతున్నాయని, కొత్తవాళ్లకు బాధ్యత అప్పగించమని 2022లో ఆయన మీద ఈమెయిళ్ల ద్వారా ఒత్తిడి పెరిగింది. అప్పటికే సాయం చేస్తానంటూ చేరిన ఒక మారుపేరు వ్యక్తికి క్రమంగా తాళాలు దక్కాయి. రెండేళ్లకు పైగా మంచిగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఆ వ్యక్తే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. సర్వర్లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ పట్టుబట్టి వెతకబట్టి అది బయటపడింది. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ పరీక్ష దశలోకి చేరాయి గానీ, స్థిర వెర్షన్‌లోకి చేరలేదు. అక్కడి నిదానమే కోట్ల యంత్రాలను కాపాడింది. ఉబుంటు తన 24.04 బీటాను వారం వెనక్కి జరిపి, ప్యాకేజీలన్నీ మళ్లీ కట్టుకుంది. అసలు విడుదల మాత్రం అనుకున్నట్టే ఏప్రిల్ 25న జరిగింది. 'కొత్త వెర్షన్ ఎప్పుడు?' అని ఒంటరిగా పనిచేసే మనిషిని నిలదీసేవాళ్లు ఈ కథను ఒక్కసారైనా చదవాలి.

ఇక మన ల్యాబుల సంగతి. ఉబుంటులో రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల సపోర్ట్ వెర్షన్‌కు ఐదేళ్లు సపోర్ట్ ఉంటుంది. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే. 24.04 కన్నా 24.10 పెద్ద అంకె కాబట్టి అదే మంచిదనుకుని ల్యాబు మొత్తానికి ఎక్కిస్తే, 2025 జులైతో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అంటే కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే వేళకు ల్యాబులో దిక్కులేని వెర్షన్ మిగిలింది. పెద్ద అంకె ఎక్కువ రోజుల పంట కాదు. ఐదేళ్ల ఎల్‌టీఎస్ అయితే ఒక బీటెక్ బ్యాచ్ చేరి, నాలుగేళ్లు చదివి, పాసై వెళ్లేదాకా కదిలించక్కర్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఎక్కించే ముందు ఫీచర్ల జాబితా కన్నా ముందు చూడాల్సింది సపోర్ట్ ముగిసే తేదీ. ఆ ఒక్క తేదీని ల్యాబ్ రిజిస్టర్ మొదటి పేజీలో రాసి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

దీన్ని ఇంకాస్త దగ్గరగా చూడాలంటే డిగ్రీ కాలేజీ లైబ్రరీలోకి వెళ్లాలి. కౌంటర్ మీద పాత కంప్యూటర్, పక్కన బార్‌కోడ్ స్కానర్, కాళ్ల దగ్గర కరెంటు పోయినప్పుడల్లా కీచుమనే యూపీఎస్. పుస్తకం అట్ట వెనక గడువు తేదీల చీటీ ఇంకా ఉంటుంది, ఎందుకైనా మంచిదని. లోపల నడిచేది కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ 1999లో దీన్ని రాయించుకుంది. తమ పాత సాఫ్ట్‌వేర్ 2000వ సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తెలిసి, కొత్తది కొనే బదులు రాయించి, జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేసింది. ఇప్పుడది మన దేశంలోనూ ఎన్నో కాలేజీల్లో నడుస్తోంది.

కోహా ఏటా మే, నవంబరు నెలల్లో కొత్త వెర్షన్ తెస్తుంది. వెర్షన్ అంకెలోనే ఏడాది, నెల కనిపిస్తాయి. ప్రతి విడతకూ రిలీజ్ మేనేజర్‌ను, పాత వెర్షన్లకు మరమ్మతులు చూసేవాళ్లను వాడుకరుల సమాజమే ఎన్నుకుంటుంది. విడుదలైన వెర్షన్‌కు నెలనెలా చిన్న మరమ్మతులు వస్తుంటాయి. ఇది మన క్యాలెండర్‌తో చక్కగా కుదురుతుంది, కాస్త తెలివిగా వాడుకుంటే. మే నెలలో కాలేజీకి సెలవులు కాబట్టి అప్‌గ్రేడ్‌కు అదే అదును. అయితే ఎక్కించాల్సింది మేలో వచ్చే వెర్షన్ కాదు, అంతకుముందు నవంబరులో వచ్చింది. దానికి అప్పటికే ఐదారు విడతల మరమ్మతులు అంది ఉంటాయి. ఎక్కడెక్కడి లైబ్రరీలు దాని తప్పులు పట్టి దిద్దించి ఉంటాయి. ముందు రోజు డేటాబేస్ బ్యాకప్ వేరే డిస్కులోకి తీసుకుని, జూన్‌లో పిల్లలు వచ్చేలోగా పుస్తకం ఇచ్చి, తీసుకుని, జరిమానా లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవాలి. ఎవరో ముందే తేదీ ప్రకటించారు గనుకే ఇదంతా సెలవుల్లో ప్లాన్ చేసుకునే పని అయింది. ప్రకటించకపోతే సెమిస్టర్ మధ్యలో తలనొప్పి అయ్యేది.

మరి ఆ ప్రకటించినవాళ్లే మాట తప్పితే? అలా జరిగిన పెద్ద ఉదాహరణ సర్వర్లలో వాడే లినక్స్ సిస్టమ్ సెంటాస్. 2019లో వచ్చిన సెంటాస్ 8కు 2029 దాకా సపోర్ట్ ఉంటుందని అందరూ నమ్మి సర్వర్లు కట్టుకున్నారు. 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్ కంపెనీ ఆ గడువును 2021 చివరికి కుదించింది. పదేళ్ల పంట అనుకున్నది రెండేళ్లకే ఎండిపోయింది. కానీ అక్కడ గింజ అందరి చేతిలో ఉంది. సోర్స్ కోడ్ స్వేచ్ఛా లైసెన్సుల కింద ఉండటంతో 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టుకొచ్చాయి, సర్వర్లు వాటి మీదికి మారిపోయాయి. సోర్స్ కోడ్ దాచుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏదైనా ఇదే పని చేసి ఉంటే వినియోగదారుల ముందు కొత్త బిల్లు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

లైసెన్సుల్లో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లాంటివి దానం లాంటివి. తీసుకున్నవాళ్లు మార్చి, తలుపులేసి అమ్ముకున్నా అడగరు, రాసినవాళ్ల పేరు తీసేయకుండా ఉంటే చాలు. జీపీఎల్ దానం కాదు, పెళ్లిలో చదివింపుల లాంటిది. ఈ రోజు మన ఇంట్లో చదివించినవాళ్లకు రేపు వాళ్లింట్లో మనం చదివించాలి. మార్చిన కోడ్‌ను ఇంకొకరికి అందిస్తే, వాళ్లకూ అదే హక్కులతో సోర్స్ ఇవ్వాలి. మావోరీ భాషలో కోహా అన్న మాటకు అర్థం కూడా ఇలాంటి ఇచ్చిపుచ్చుకునే కానుకే. దాన్ని జీపీఎల్ కింద ఇవ్వడం ఎంత సరైన పనో చెప్పక్కర్లేదు. సర్వర్‌లో ఉంచి నెట్ ద్వారా మాత్రమే వాడించే సాఫ్ట్‌వేర్‌కు ఈ నియమం అందదు కాబట్టి ఏజీపీఎల్ వచ్చింది. అక్కడ నెట్‌లో వాడుకునేవాళ్లకూ సోర్స్ అడిగే హక్కుంటుంది.

ఏది మంచిదన్న వాదన ఎప్పటికీ తెగదు. వేరే ప్రోగ్రాముల్లో కలుపుకునే చిన్న కోడ్ ముక్కలకు ఎంఐటీ సరిపోతుంది, అవి ఎంతమంది వాడితే అంత మేలు. కానీ ప్రజల డబ్బుతో, కాలేజీల్లో, పంచాయతీల కోసం తయారయ్యే సాఫ్ట్‌వేర్‌కు జీపీఎల్, ఏజీపీఎల్ తప్ప వేరేది ఎంచుకోవడానికి బలమైన కారణం కనిపించదు. ఉమ్మడి చెరువు నీళ్లు ఒకరి తోటకే మళ్లకుండా ఉండాలంటే తూముకు నియమం ఉండాలి.

లైసెన్స్ పేరు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండటం కుదరదని గత కొన్నేళ్లు నేర్పాయి. కాపీరైట్ ఎవరి చేతిలో ఉందన్నదీ చూడాలి. సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే హాషీకార్ప్ 2023 ఆగస్టులో లైసెన్స్ మార్చేసింది. బయటివాళ్లు రాసి ఇచ్చిన కోడ్ మీద కూడా హక్కులు రాయించుకుంది కాబట్టి ఆ పని చేయగలిగింది. డేటాను వేగంగా అందించే రెడిస్ అనే డేటాబేస్ బీఎస్‌డీ లైసెన్స్ కింద ఉండేది. దానం ఇచ్చిన కోడ్ కాబట్టి తర్వాతి వెర్షన్లను 2024 మార్చిలో కొత్త షరతుల కింద పెట్టడానికి అడ్డేమీ లేకపోయింది. రెండు చోట్లా పాత వెర్షన్ గింజ పట్టుకుని జనం వేరే మడి వేసుకున్నారు. ఓపెన్‌టోఫు, వాల్కీ అలా వచ్చాయి, రెండూ లినక్స్ ఫౌండేషన్ నీడన పెరుగుతున్నాయి. 2025లో రెడిస్ మళ్లీ ఏజీపీఎల్‌ను కూడా చేర్చింది. లినక్స్ కెర్నల్‌లో ఇలాంటిది జరిగే వీలే లేదు. రాసిన ప్రతి ఒక్కరి కాపీరైట్ వాళ్ల దగ్గరో, వాళ్ల యజమాని దగ్గరో ఉంది. వేలమంది ఒప్పుకుంటే తప్ప జీపీఎల్ రెండో వెర్షన్ నుంచి కదలదు. హక్కులు చెల్లాచెదురుగా ఉండటమే దానికి కోటగోడ.

హాషీకార్ప్ ఎంచుకున్న బిజినెస్ సోర్స్ లైసెన్స్‌లో తేదీ, లైసెన్స్ ఒకే కాగితం మీద కలుస్తాయి. ప్రతి వెర్షన్ విడుదలైన నాటి నుంచి ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లకు ఓపెన్ సోర్స్ అవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ సెక్యూరిటీ మరమ్మతులు కొత్త వెర్షన్లకే వస్తాయి కాబట్టి, నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చేది మొలకెత్తే శక్తి పోయిన విత్తనం. పైగా ఫలానా వ్యాపారానికి వాడొద్దు అనే షరతు ఉంది. ఏ రంగంలోని పని మీదా వివక్ష చూపకూడదన్నది 1998 నుంచీ ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఉన్న మాట. దాన్ని సోర్స్ చూడనిచ్చే లైసెన్స్ అనొచ్చు, ఓపెన్ సోర్స్ అనకూడదు.

పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరుతో అమ్మకూడదని మాత్రమే షరతు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తీరు. కోడ్ తీసుకోవచ్చు, పేరు తీసుకోకూడదు. మొజిల్లా ట్రేడ్‌మార్క్ నియమాలతో పొసగక డెబియన్ 2006 నుంచి పదేళ్లపాటు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌నే ఐస్‌వీజల్ అనే పేరుతో ఇచ్చింది. కోహా విషయంలో కథ తిరగబడింది. ఆ పేరునే ఒక అమెరికా కంపెనీ న్యూజిలాండ్‌లో ట్రేడ్‌మార్క్ చేయించుకోబోతే, దాన్ని కానుకగా ఇచ్చిన ఆ చిన్న లైబ్రరీ ట్రస్టే 2011లో సాయం కోరి పోరాడాల్సి వచ్చింది. కోడ్‌ను అంత జాగ్రత్తగా కాపాడిన జీపీఎల్ పేరును కాపాడలేదు, అది దాని పని కాదు.

తెలుగువాళ్లకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఫాంట్లు. కడపలోనో ప్రొద్దుటూరులోనో పెళ్లిపత్రికలు వేసే డీటీపీ సెంటర్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, పాత ఎన్‌కోడింగ్ తెలుగు ఫాంట్లు కనిపిస్తాయి. ఆ ఫైల్లోని 'శుభలేఖ'ను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, గీతలు వస్తాయి. ఇరవై ఏళ్ల పని అంతా ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ లేనిదే చదవలేని సరుకు. మరోవైపు పెద్దన, తిమ్మన, ధూర్జటి, శ్రీకృష్ణదేవరాయ లాంటి పేర్లతో ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతున్నాయి. ఫ్లెక్సీకి, పుస్తకానికి, యాప్‌కు దేనికైనా వాడుకోవచ్చు. వాటితో అచ్చేసిన పత్రికను అమ్ముకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. ఒక ఒత్తు సరిగ్గా కూర్చోకపోతే దిద్దుకుని, అదే లైసెన్స్ కింద తిరిగి పంచవచ్చు. ఆ పని చేసేవాళ్లే తక్కువ.

ఇక మన జిల్లాల్లో తయారయ్యే సాఫ్ట్‌వేర్. కర్నూలు, అనంతపురం, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు వందల్లో వస్తాయి. కొన్ని నిజంగా పనికొచ్చేవి ఉంటాయి: హాస్టల్ మెస్ లెక్కలు, బస్ పాసులు, మార్కెట్ యార్డు ధరలు. పిల్లలు వాటిని కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెడతారు, లైసెన్స్ ఫైలు పెట్టరు. నెట్‌లో కనిపిస్తోంది కదా, అందరిదీ అనుకుంటారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. అనుమతి రాసివ్వకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే, ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. జూనియర్లు దాన్ని కొనసాగించాలన్నా చట్టప్రకారం అడగాల్సిందే.

పైగా ఇలాంటి ప్రాజెక్టుల రిలీజ్ ఎప్పుడూ వేసవి ముందే, వైవా రోజున జరుగుతుంది. కొద్ది వారాలకే రాసిన నలుగురూ బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లిపోతారు. మొదటి తప్పు బయటపడేది జులైలో, కొత్త పిల్లలు చేరి వాడటం మొదలుపెట్టాక. అప్పటికి ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు, ఇద్దరు నంబరు కూడా మార్చేసి ఉంటారు. అందుకే మొదటి రిలీజ్ డిసెంబరులోనే, ఉన్నంతలో, ఒక్క పని సరిగ్గా చేసేలా రావాలి. దాన్ని హాస్టల్లో నాలుగు నెలలు నిజంగా వాడించి, వైవా నాటికి రెండో రిలీజ్ ఇవ్వాలి. కోడ్ ఒక విద్యార్థి సొంత ఖాతాలో కాక డిపార్ట్‌మెంట్ ఖాతాలో ఉండాలి, మూడో సంవత్సరం పిల్లలు ఇద్దరికి మార్పులు చేసే అధికారం వాళ్లుండగానే ఇవ్వాలి. లైసెన్స్ ఫైలు మొదటి రోజే పెట్టాలి. ఆలస్యమైతే కనీసం హాల్ టికెట్ల కోసం నలుగురూ ఆఫీసు ముందు ఒకచోట నిలబడ్డ రోజైనా, ఫలానా లైసెన్స్ కింద ఇస్తున్నామని అందరి చేతా సంతకం పెట్టించుకోవాలి.